దావా మాది, డబ్బు మరొకరిది: నా అనుభవం

మేము పనిచేసిన కంపెనీ మీద వేసిన దావాకు అయ్యే ఖర్చంతా తాను భరిస్తానని, ఆ దావాతో ఏ సంబంధమూ లేని ఒక సంపన్న వ్యాపారి ముందుకు వచ్చారు. ఆ ప్రతిపాదనను చదివి, తోటివారితో చర్చించి, షరతులు మార్పించి, సంతకాల దాకా తీసుకువెళ్లే బాధ్యత నా మీద పడింది. డబ్బున్నవారు ఇతరుల కేసులకు ఖర్చు పెట్టడం ధర్మమా కాదా అన్న విషయంలో అంతకుముందు నాకు గట్టి అభిప్రాయమంటూ ఏదీ లేదు. ఇప్పుడు ఉంది. అది ఏర్పడిన తీరు, ఇలాంటి పరిస్థితి ఎదురైన మరొకరికి ఉపయోగపడవచ్చునని వివరంగా రాస్తున్నాను.

మా జీతాల నుంచి ప్రతి నెలా కొంత మినహాయించి కంపెనీ ఒక సంక్షేమ నిధిలో జమ చేసేది. ఆ నిధిని ఒక ట్రస్టు నిర్వహించేది, ట్రస్టీలను యాజమాన్యమే నియమించేది. పదవీ విరమణ చేసినవారికి రావలసిన సొమ్ము ఏళ్ల తరబడి రాకపోవడంతో ఆరా తీస్తే, నిధిలోని డబ్బు యాజమాన్యానికే చెందిన ఇతర సంస్థలకు అప్పుల రూపంలో వెళ్లిందని తెలిపే కొన్ని పత్రాలు దొరికాయి. లెక్కలు కోర్టు ముందు పెట్టించాలని, మళ్లించిన సొమ్మును వడ్డీతో సహా తిరిగి జమ చేయించాలని కోరుతూ సభ్యులందరి తరఫున మాలో కొందరం ప్రాతినిధ్య దావా వేశాము.

దావా వేయడం కన్నా దాన్ని నిలబెట్టుకోవడం కష్టం. ఖర్చంటే లాయరు ఫీజు ఒక్కటేనని బయటివారు అనుకుంటారు గాని, మా లాయరుగారు ఫీజు కోసం మమ్మల్ని ఏనాడూ ఒత్తిడి చేయలేదు. మమ్మల్ని కుంగదీసినవి కోర్టు ఫీజు, సర్టిఫైడ్ కాపీలు, పాత ఉద్యోగులను సాక్ష్యానికి రప్పించే ఖర్చులు, అన్నిటికీ మించి లెక్కలను విప్పి చెప్పగల ఆడిటరు. నిధి తాలూకు లెడ్జర్ల జిరాక్సులు అట్టపెట్టెల నిండా ఉండేవి. ఒక సంస్థ పేరున బయటకు వెళ్లిన సొమ్ము మార్చి నెలాఖరున తిరిగి వచ్చినట్టు కనిపించేది, ఏప్రిల్ మొదటి వారంలోనే దాదాపు అంతే మొత్తం మరో పేరున మళ్లీ వెళ్లిపోయేది. ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్కల చదువు లేని నాకే అర్థమైంది. అయితే నాకు అర్థం కావడం వేరు, ఒక నిపుణుడు బోనెక్కి క్రాస్ ఎగ్జామినేషన్‌కు తట్టుకుని దాన్ని రుజువు చేయడం వేరు. ఆ పనికి ఆడిటరు అడిగిన రుసుము మా చందాలన్నీ కలిపినా అందేది కాదు. అవతలి పక్షం మాత్రం ప్రతి చిన్న ఉత్తర్వు మీదా పై కోర్టుకు వెళ్లేది, ఆ ఖర్చు కంపెనీ ఖాతాలో పడేది. వాయిదాల మధ్యలోనే మాలో కొందరు కన్నుమూశారు. న్యాయం మా వైపు ఉందని మాకు అనుమానం లేదు, కానీ తీర్పు దాకా బతికి ఉండడానికే డబ్బు కావలసి వచ్చింది.

ఆ స్థితిలో ఒక ప్రతినిధి ద్వారా ఆ వ్యాపారి కబురు పంపారు. ఆయన ఒకప్పుడు మా కంపెనీ ఛైర్మన్‌కు వ్యాపార భాగస్వామి, తరువాత ఇద్దరికీ చెడింది. ఆ సంగతి మా అందరికీ తెలుసు, ఆయనా దాచలేదు. దావా గెలిస్తే పెట్టిన ఖర్చుతో పాటు, మాకు వచ్చిన సొమ్ములో కొంత వాటా కూడా తీసుకుంటారు. ఓడిపోతే ఆయనకు ఏమీ ఇవ్వనక్కరలేదు.

మా సమావేశంలో అభిప్రాయాలు రెండుగా చీలాయి. చనిపోయిన సభ్యుడొకరి భార్య, భర్త తరఫున ప్రతి సమావేశానికీ వచ్చే ఆవిడ, "ఆయన కక్ష ఆయనది, మన కష్టార్జితం మనది. ఎవరి డబ్బుతో వస్తే ఏం, మనది మనకు రావాలి గదా" అన్నారు. యూనియన్‌లో చాలాకాలం పనిచేసిన పెద్దాయన ఒకరు ఒప్పుకోలేదు. "అమ్మా, ఆయన చేతి కత్తికి మనం పిడి కాకూడదు" అన్నారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఒకరి మాట పట్టుకుని రెండోవారి మాట వదిలేయడం నాకు సాధ్యం కాలేదు, అందుకే తొందరపడి జవాబు ఇవ్వవద్దని, ముందుగా ఈ పద్ధతి గురించి తెలుసుకుందామని ప్రతిపాదించాను.

చట్టం ఏం చెబుతుందన్నది మొదటి ప్రశ్న. పరాయివారి వ్యాజ్యాన్ని డబ్బిచ్చి పోషించడాన్ని మెయింటెనెన్స్ అని, గెలుపులో వాటాకు పోషించడాన్ని చాంపర్టీ అని ఇంగ్లండు చట్టం శతాబ్దాల పాటు నేరంగానే చూసింది. మధ్యయుగాల్లో బలవంతులైన భూస్వాములు ఇతరుల పేరున దావాలు నడిపించి, న్యాయమూర్తులను భయపెట్టి భూములు కాజేసేవారు కనుక ఆ నిషేధానికి అప్పట్లో అర్థం ఉంది. 1967లో చేసిన చట్టంతో అక్కడ అది నేరం కాకుండా పోయింది. ఐర్లండు సుప్రీంకోర్టు మాత్రం 2017లో కూడా ఇలాంటి నిధి ఒప్పందం చెల్లదనే చెప్పింది. మన దేశంలో ఆ ఆంగ్ల నిషేధం వర్తించదని, బ్రిటిష్ పాలనలో మనకు చివరి అప్పీలు కోర్టుగా ఉన్న ప్రివీ కౌన్సిల్ 1876లోనే తేల్చింది. అయితే అక్కరలో ఉన్నవారిని దోచుకునేవి, అవతలివారిని వేధించడానికే చేసుకున్నవి అయితే అలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయకూడదని కూడా అదే తీర్పు చెప్పింది. లాయరు కాని మూడో వ్యక్తి దావాకు డబ్బిచ్చి ఫలితం వచ్చాక తిరిగి తీసుకోవడంపై ఆంక్షేమీ లేదని మన సుప్రీంకోర్టు 2018లో వ్యాఖ్యానించింది. లాయరు మాత్రం కక్షిదారు గెలుపులో వాటా పుచ్చుకోకూడదు.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మనసు కుదుటపడదు. ఇతరుల కేసులకు ధనవంతులు డబ్బు పెట్టిన సందర్భాలు ఎలా ముగిశాయో చదవడం మొదలుపెట్టాను. అందరూ ముందుగా చెప్పేది గాకర్ కేసు. 2007లో గాకర్ అనే అమెరికా ఆన్‌లైన్ మీడియా సంస్థకు చెందిన ఒక సైట్, పెట్టుబడిదారు పీటర్ థీల్ గే అన్న సంగతిని బహిరంగంగా రాసింది. కొన్నేళ్ల తరువాత అదే సంస్థ మల్లయోధుడు హల్క్ హోగన్ పడకగది వీడియోలో కొంత భాగాన్ని ఆయన అనుమతి లేకుండా ప్రచురించింది. హోగన్ దావా వేశారు, ఖర్చు థీల్ రహస్యంగా భరించారు. 2016 మార్చిలో ఫ్లోరిడా జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారం విధించింది. ఆ తరువాతే, మే నెలలో, డబ్బు ఎవరిదో లోకానికి తెలిసింది. తాను కోటి డాలర్ల దాకా ఖర్చు పెట్టానని థీల్ స్వయంగా చెప్పారు. జూన్‌లో గాకర్ దివాలా పిటిషన్ వేసింది, ఆగస్టులో గాకర్ సైట్ మూతపడింది, చివరకు 3.1 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

ఆ కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది పరిహారం మొత్తం కాదు. గాకర్ బీమా సంస్థ సొమ్ము చెల్లించడానికి ఆస్కారమిచ్చే ఒక ఆరోపణను హోగన్ పక్షం మధ్యలో వదులుకుంది. పరిహారం రాబట్టుకోవాలనుకునే మామూలు వాది, అవతలివారికి బీమా ఉంటే సంతోషిస్తాడు, ఎందుకంటే డబ్బు ఖాయంగా వస్తుంది. బీమా దారిని మూసుకోవడం అవతలి సంస్థ సొంత జేబు ఖాళీ కావాలనుకునేవారికి లాభం. ఆ నిర్ణయం ఎవరు, ఎందుకు తీసుకున్నారో నేను తీర్పు చెప్పలేను. కానీ వాది అవసరం ఒకటి, డబ్బు పెట్టినవారి కోరిక మరొకటి అయినప్పుడు అవి దావాలో ఏ చోట విడిపోతాయో ఆ ఒక్క ఉదంతంతో నాకు స్పష్టంగా కనిపించింది. హోగన్‌కు జరిగిన అన్యాయం నిజమైనదే, దాన్ని కోర్టుకు తీసుకువెళ్లే హక్కు ఆయనకు పూర్తిగా ఉంది. నాకు అభ్యంతరం అనిపించింది రహస్యం. తమ ఎదుట నిలబడింది ఎవరో తెలియకుండానే ప్రతివాదులు విచారణ మొత్తం పోరాడారు.

రెండో వైపు ఉదాహరణలూ తక్కువేమీ కావు. అమెరికాలో నల్లజాతీయుల హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ సంస్థ, పాఠశాలల్లో వర్ణవివక్షపై ఇతరుల పేరున కేసులు నడిపించింది. దాన్ని అడ్డుకోవడానికి వర్జీనియా రాష్ట్రం చట్టం చేస్తే, అక్కడి సుప్రీంకోర్టు 1963లో సంస్థ పక్షాన నిలిచింది. బయటి డబ్బు, బయటి సంకల్పం లేకపోతే ఆ కేసులు ఉండేవే కావు. బ్రిటన్‌లో పోస్టాఫీసు కంప్యూటర్ వ్యవస్థ తప్పుడు లెక్కలు చూపడంతో దొంగలుగా ముద్రపడిన సబ్ పోస్ట్‌మాస్టర్లలో 555 మంది కలిసి వేసిన వ్యాజ్యానికి ఒక నిధి సంస్థ డబ్బు పెట్టింది. 2019లో 5.775 కోట్ల పౌండ్లకు రాజీ కుదిరింది. లాయర్ల ఖర్చులు, నిధి సంస్థ వాటా పోగా వాదులకు మిగిలింది దాదాపు 1.2 కోట్ల పౌండ్లు మాత్రమే, అంటే మనిషికి సగటున ఇరవై వేల పౌండ్ల చొప్పున. బతుకులు కూలిపోయినవారికి అది చాలా తక్కువ. అయినా ఆ వ్యాజ్యంలో వచ్చిన తీర్పులే అసలు నిజాన్ని బయటపెట్టాయి, ఆ తరువాతే శిక్షల రద్దు మొదలైంది. నిధి సంస్థ తీసుకున్నదాన్ని చూసి కోపం తెచ్చుకోవాలో, అది లేకపోతే ఆ తీర్పులే లేవని గుర్తుపెట్టుకోవాలో నేను చాలాసేపు తేల్చుకోలేకపోయాను. రెండూ చేయాలని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఈ చదువంతా అయ్యాక ఆ వ్యాపారి పంపిన ఒప్పందం ముసాయిదాను లాయరుగారి దగ్గర కూర్చుని ఒక్కొక్క షరతూ చదివాము. వాటా శాతం గురించి అందరూ ముందు అడుగుతారు గాని, అది అన్నిటికన్నా సులభమైన షరతు. బేరం ఆడితే తగ్గింది. అసలు చిక్కు మూడు చోట్ల ఉంది.

"వాదులు ఏ రాజీ ప్రతిపాదననైనా పెట్టుబడిదారు ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే అంగీకరించరాదు" అని ఒక షరతు. చూడడానికి ఒక్క వాక్యమే, కానీ దావా మొత్తం ఆ వాక్యంలో చేతులు మారిపోతుంది. దావాను ఎప్పుడు ముగించాలన్నది మా చేతిలో లేకపోతే అది మా దావా ఎలా అవుతుంది? ఇది పేదవారికి మాత్రమే ఎదురయ్యే ప్రమాదం కాదు. అమెరికాలో సిస్కో అనే భారీ ఆహార సరఫరా సంస్థకు మాంసం ధరల వ్యాజ్యాల కోసం బర్ఫర్డ్ అనే నిధి సంస్థ 14 కోట్ల డాలర్లు ఇచ్చింది. తీరా సిస్కో రాజీకి సిద్ధపడితే ఆ మొత్తం చాలదని బర్ఫర్డ్ అడ్డుకుంది, ఆ తగవు మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. చివరకు సిస్కో తన క్లెయిములనే బర్ఫర్డ్ పక్షానికి అప్పగించి బయటపడింది. అంత పెద్ద సంస్థకే ఆ గతి పడితే, విరమణ సొమ్ము కోసం ఎదురుచూసే మా మాట ఎక్కడ చెల్లుతుంది?

లాయరుగారు కేసు పురోగతిని నేరుగా పెట్టుబడిదారుకు నివేదించాలన్నది మరో షరతు. దీనికి మేము అడగకముందే లాయరుగారు అడ్డు చెప్పారు. "వకాల్తా మీరు ఇచ్చారు. నాతో మీరు చెప్పుకున్న మాటలు మన మధ్యే, అంటే మీకూ నాకూ మధ్యే ఉండాలి. ఫీజు ఎవరు కట్టినా నా కక్షిదారులు మీరే" అన్నారు. ఆయన ఆ మాట కోర్టులో వాదించే గొంతుతో కాక, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మామూలుగా చెప్పారు. ఆ రోజు నుంచి ఆయన మీద నా గౌరవం ఇంకా పెరిగింది.

మూడోది, డబ్బిచ్చినవారి పేరు ఎవరికీ వెల్లడించకూడదన్న షరతు. ప్రతినిధి దీని దగ్గరే గట్టిగా పట్టుబట్టారు. మంచి పని చేసేవారు పేరు చెప్పుకోకపోవడం మన పెద్దలు మెచ్చిన గుణమే కదా అని వాదించారు. దానం విషయంలో అది నిజం. కానీ దావా దానం లాంటిది కాదు, దానికి ఎదుట మరో మనిషి ఉంటాడు. ఆ మనిషి మా దృష్టిలో దోషే కావచ్చు, అయినా తనతో పోరాడుతున్నది ఎవరో తెలుసుకునే హక్కు అతనికి ఉంది. ఎవరి ప్రయోజనం కోసం తన సమయం వెచ్చిస్తున్నదో న్యాయమూర్తికీ తెలియాలి. మహారాష్ట్ర వంటి కొన్ని రాష్ట్రాలు డబ్బు పెట్టినవారిని కోర్టు ముందుకు రప్పించే వీలు కల్పిస్తూ సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించుకున్నది ఇందుకేనని మా లాయరుగారు వివరించారు. పైగా, పేరు దాచితే ఏనాడో ఒకనాడు అది బయటపడుతుంది, అప్పుడు మా లెడ్జర్ల గురించి ఎవరూ మాట్లాడరు, ఆయన కక్ష గురించే మాట్లాడతారు.

చర్చలు తెగే దాకా వెళ్లి మళ్లీ కలిశాయి. డబ్బు అవసరం మాది కాబట్టి మేమే దిగివస్తామని ప్రతినిధి అనుకున్నారు. మాలోనూ కొందరు అలాగే అనుకున్నారు, వారిని తప్పుపట్టను, మందులు కొనడానికే చేతిలో డబ్బు లేనివారికి షరతుల సూక్ష్మాలు భారంగానే ఉంటాయి. చివరకు రాజీ నిర్ణయం పూర్తిగా వాదులదే అని, పెట్టుబడిదారు అభిప్రాయం చెప్పవచ్చు గాని అడ్డుకోలేరని రాయించాము. నివేదికలు మేమే పంపుతామని, అవి కోర్టు రికార్డులో ఉన్న విషయాలకే పరిమితమని రాయించాము. మధ్యలో డబ్బు ఆపేయాలంటే ముందుగా నోటీసు ఇచ్చి, అప్పటికే ఒప్పుకున్న ఖర్చులు తీర్చి వెళ్లాలని చేర్చాము. పేరు వెల్లడించకూడదన్న షరతును ఆ వ్యాపారి స్వయంగా మమ్మల్ని పిలిపించుకుని మాట్లాడాకే వదులుకున్నారు. "నా పేరు చెబితే ఛైర్మన్‌కు సంతోషమే గాని భయం లేదు, సరే చెప్పండి" అన్నారు. నిధి ఒప్పందం ఉన్నదని, ఇచ్చినవారు ఫలానా అని మా లాయరుగారు మెమో దాఖలు చేశారు. అవతలి పక్షం ఊహించినట్టే గగ్గోలు పెట్టింది, దావా వెనుక దురుద్దేశం ఉందని కొట్టివేయమంది. ఎవరి డబ్బుతో దావా నడుస్తున్నా లెక్కలు చూపించవలసిన బాధ్యత తప్పదని కోర్టు ఆ పిటిషన్‌ను తోసిపుచ్చింది.

ఆడిటరు వచ్చాక దావా రూపమే మారిపోయింది. మార్చి, ఏప్రిల్ పద్దులను ఏడాది తరువాత ఏడాది వరసగా పట్టికలో పెట్టి చూపించేసరికి, అంతవరకు రాజీ మాటే ఎత్తని కంపెనీ మధ్యవర్తిత్వానికి సిద్ధమంది. అసలు మొత్తం, వడ్డీలో పెద్ద భాగం ఇస్తామన్నారు.

మేము పోట్లాడి మార్పించిన షరతు అవసరపడింది అప్పుడే. ఆ వ్యాపారికి రాజీ ఇష్టం లేదు. ఛైర్మన్ బోనెక్కాలి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో జవాబు చెప్పాలి, తీర్పులో పేరు రావాలి, ఆయన కోరుకున్నది అది. ఇక్కడ విషయం అంత తేలికైనది కాదని చెప్పాలి, ఎందుకంటే మాలో కొందరు సరిగ్గా అదే కోరుకున్నారు. యూనియన్ పెద్దాయన, మొదట ఆ డబ్బే వద్దన్నవారు, రాజీ పడితే నిజం పెట్టెల్లోనే ఉండిపోతుందని వాదించారు. కక్షతో ఒకరు, సత్యం కోసం ఒకరు ఒకే చోటికి చేరడం చూశాక, డబ్బిచ్చేవారి ఉద్దేశాన్ని బట్టి మాత్రమే ధర్మాధర్మాలు నిర్ణయించలేమని నాకు అనిపించింది. ఉద్దేశం ఏదైనా కావచ్చు, తీర్పు దాకా వెళ్లాలా వద్దా అన్నది ఆ సొమ్ము కోసం పనిచేసినవారే తేల్చుకోవాలి. మేము ఓటు వేసుకున్నాము. వయసు మీద పడినవారు, చికిత్సల కోసం ఎదురుచూసేవారు ఎక్కువమంది ఉన్న గుంపులో ఫలితం రాజీ వైపే మొగ్గింది. అయితే ఆడిటరు పట్టికలను, నిధి లెక్కలను సభ్యులందరికీ కంపెనీ ఇవ్వాలన్న షరతును పెద్దాయన పట్టుబట్టి చేర్పించారు. నేను ఆయనకు మద్దతిచ్చాను.

వ్యాపారి తన అసంతృప్తిని ఉత్తరంలో రాశారు గాని మాట తప్పలేదు, డబ్బు ఆపలేదు. ఆయనకు మేము రుణపడి ఉన్నాము, ఆ మాట చెప్పడానికి నాకు ఏ సంకోచమూ లేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వేరొకటి. మా ఛైర్మన్‌కు ఒక ధనిక శత్రువు ఉన్నాడు కాబట్టి మా లెక్కలు తేలాయి. శత్రువులు లేని యజమానుల దగ్గర, లేదా శత్రువులంతా పేదలే అయిన యజమానుల దగ్గర పనిచేసినవారి పత్రాలు ఎన్ని అట్టపెట్టెల్లో ఉన్నాయో ఎవరు చెప్పగలరు? సంపన్నులు ఏ కేసుకు డబ్బు పెట్టాలో ఎంచుకుంటున్నారంటే, ఏ అన్యాయం కోర్టుకు రావాలో కూడా వారే ఎంచుతున్నారని అర్థం. ఉచిత న్యాయ సహాయానికి 1987లో చేసిన చట్టం ఉంది, ఎందరికో లాయరును ఇప్పించింది కూడా. కానీ మాకు కావలసి వచ్చిన ఆడిటరు లాంటి నిపుణుల ఖర్చు భరించే ప్రజానిధి ఉండి ఉంటే, మేము ఆ వ్యాపారి ముసాయిదా ముందు కూర్చోవలసిన అవసరమే ఉండేది కాదు.

ప్రాతినిధ్య దావాలో రాజీకి కోర్టు అనుమతి తప్పనిసరి, అనుమతి ఇచ్చే ముందు సంబంధం ఉన్న సభ్యులందరికీ నోటీసు వెళ్లాలి. ఆ నోటీసు అందుకుని పెద్దాయనతో పాటు మరికొందరు తమ అభ్యంతరాలు రాసి ఇచ్చారు. న్యాయమూర్తి ప్రతి ఒక్కరి మాటా విన్నారు, నిధి ఒప్పందం ప్రతిని తెప్పించుకుని రాజీకి సంబంధించిన షరతును చదివారు, ఇది కాక వేరే ఒప్పందం ఏదైనా ఉందా అని మమ్మల్నీ, ఆ వ్యాపారి ప్రతినిధినీ విడివిడిగా అడిగారు. లేదని ఇద్దరం చెప్పాము. అభ్యంతరాలను రికార్డు చేసి, లెక్కల ప్రతులు అందజేయడానికి గడువు విధించి, రాజీని ఆమోదిస్తూ ఉత్తర్వు ఇచ్చారు.